గడ్డి ఆరేదాకా

గొట్టం చివరనున్న చల్లుడు తుపాకీని మణికట్టుతోనే అటూ ఇటూ ఊపుతూ, ఊపుకొక అడుగు చొప్పున నడుస్తున్నాడు వెర్లిన్ స్టాంపర్. పెళ్ళిలో పన్నీరు చల్లేవాడి చెయ్యిలా ఉంటుంది ఆ ఊపు. వెనకాల వీధిలో ఆగిన ట్రక్కు మీది పెద్ద పీపాలోంచి కలుపుమందు గొరగొరమంటూ గొట్టంలోకి వస్తోంది. కొత్తగా చేరినవాళ్ళు మోచెయ్యంతా ఊపేసి సాయంత్రానికి భుజం పట్టుకుని కూర్చుంటారు. వెర్లిన్‌కి భుజం ఎప్పుడో పోయింది కనుక ఆ బెంగ లేదు.

మే నెలాఖరు. ఏప్రిల్లో కలుపు విత్తు మొలవకుండా ఎరువులో కలిపి ఒక మందు, ఇప్పుడు మొలిచేసిన వెడల్పాకు మీద ఇంకోటి, ఎండలు ముదిరాక పురుగుకి, ఆకు రాలే ముందు మళ్ళీ ఎరువు. డేటన్ శివార్లలో ఇంటిముందు గడ్డి ఉన్నవాళ్ళకి సంవత్సరమంటే ఇదే. పైగా సోమవారం మెమోరియల్ డే, యుద్ధాల్లో పోయిన సైనికుల పేరిట సెలవు. పెరట్లో మాంసం కాలుస్తారు, చుట్టాలొస్తారు. ఆ పచ్చదనంలో ఒక్క డాండిలియన్ కలుపుమొక్క పసుప్పచ్చ పూతల ఎత్తిందా, పెళ్ళిచూపులవాళ్ళ ముందు పిల్లాడు ముక్కు చీదినంత అవమానం.

వెర్లిన్‌కి అరవై దాటాయి. పొడుగు మనిషి, మెడ ముందుకు వంగిపోయింది. టోపీ తీస్తే నుదురు పాలలా తెల్లగా, దాని కింది ముఖం ఇటుకలా ఎర్రగా, రెండు తలకాయలు కోసి ఒకటిగా అతికినట్టుంటాడు. ఎన్నిసార్లు సబ్బు రుద్దినా చేతుల్ని వదలని వాసనొకటి ఉంది, తియ్యగా, కాస్త కిరసనాయిల్లా. కెంటకీ కొండల్లో పుట్టి, తండ్రి వెంట ఫ్యాక్టరీ పనికి ఇటొచ్చాడు. ఫ్యాక్టరీ మూసేశారు. ఆ తరవాత దొరికిన పని ఇది. అతనుండే అద్దె ఇంటి ముందు కంకర తప్ప గడ్డి లేదు.

పోయిన ఏడాది ఒకసారి ఇల్లు పొరబడి, మందు వద్దన్నవాళ్ళ గడ్డికి కొట్టేశాడు. సూపర్వైజర్ కర్ట్ అతని వయసులో సగం ఉంటాడు. "పెద్దాయనా, ఇంకొక్కసారి ఇట్లా అయిందంటే నా చేతుల్లో ఏం ఉండదు," అన్నాడు. చెడ్డవాడేం కాదు, నేల చూస్తూ అన్నాడు. ఉద్యోగం పోతే కంపెనీ బీమా పోతుంది. బీమా పోతే భార్య ఓపల్‌కి నెలనెలా ఆసుపత్రిలో ఎక్కించే కీళ్ళ మందు పోతుంది. ఒక నెల అది ఆలస్యమైతే ఏమైందో అతను చూశాడు. వేళ్ళు కొంకర్లుపోయి, స్నానాల గది గడియ తీసుకోలేక, ఓపల్ లోపల్నుంచి నవ్వుతూ పిలిచింది. ఏడ్చినా బాగుండేది.

మధ్యాహ్నం ట్రక్కులో కూర్చుని రొట్టె తింటుంటే ఆమే ఫోన్ చేసింది.

"ఊళ్ళో గడ్డికంతా తిండి పెడతావు, నువ్వు తిన్నావా?"

"తింటున్నానే."

"మంగళవారం ఆసుపత్రి. మర్చిపోలేదుగా?"

"నేను మర్చిపోతే నీ వేళ్ళు ఊరుకుంటాయా?"

"ఊరుకోవు. నీ జుట్టు పట్టుకుందామన్నా వంగటంలేదు ఇవాళ. బతికిపోయావు ఫో!" అని పెట్టేసింది.

ఆ తరవాతది హాఫ్‌స్టెటర్ గారిల్లు. ముసలాయన అప్పుడే కారెక్కుతున్నాడు.

"ఏమోయ్ వెర్లిన్! సోమవారం నా గడ్డి చూసి మా బావమరిది కుళ్ళి చావాలి!"

"కుళ్ళుకి నా దగ్గర మందు లేదండీ. కలుపుకే."

ఆయన పకపకా నవ్వి, బొగ్గులు కొనుక్కొస్తానని వెళ్ళిపోయాడు.

ఆ వీధిలో ఇళ్ళకి కంచెల్లేవు. ఎవరి గడ్డి ఎక్కడితో ఆగుతుందో చెప్పే రాయీ లేదు, తీగా లేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు హద్దు చూసేది కోత చారల్లోనే. ఒక ఇంటివాడు నిలువుగా కోస్తాడు, పక్కింటివాడు అడ్డంగా. ఒకడిది పొట్టి, ఇంకొకడిది పొడుగు. చార ఎక్కడ తిరిగితే హద్దు అక్కడ. హాఫ్‌స్టెటర్ గారి చారలు ఎప్పుడూ నిలువే. కుడిపక్క ఇల్లు కెండ్రా అనే పడుచుపిల్లది. మొగుడు దూరాలకి లారీ తోలతాడు. ఆమె ఎప్పుడో తీరిక దొరికినప్పుడు అడ్డదిడ్డంగా కోసుకుంటుంది. మందు ఎప్పుడూ వేయించుకోదు.

వెర్లిన్ ముందువైపు ముగించి పెరట్లోకి వెళ్ళాడు. చార వెంట చార. మనసు మంగళవారం మీద ఉంది. సెలవు అడగాలి, కర్ట్ ఏమంటాడో. చారలు నిలువుగా, సమంగా, దువ్విన తలలా సాగిపోతూనే ఉన్నాయి. చెయ్యి ఊగుతూనే ఉంది.

కాళ్ళ దగ్గర ఎర్రగా ఏదో కనబడి ఆగాడు. చిన్న ప్లాస్టిక్ పార. పిడి మీద పాలపళ్ళ గాట్లు. దాని మీద మందు చుక్కలు మెరుస్తున్నాయి.

తల ఎత్తాడు. ఎదురుగా ఉన్నది హాఫ్‌స్టెటర్ గారి వెనక గుమ్మం కాదు. కాళ్ళకింద మూడాకుల క్లోవర్ దుప్పటిలా పరుచుకుని ఉంది. తెల్లటి పూలు, వాటి మీద తేనెటీగలు. హాఫ్‌స్టెటర్ గారి గడ్డిలో క్లోవర్ ఎన్నేళ్ళనుంచో లేదు.

అప్పుడర్థమైంది. మొగుడు ఊళ్ళో లేని పిల్ల, చంటిదాన్ని చంకనేసుకుని ఏం కోస్తుందిలే అని, ముసలాయన పండక్కి తనదానితోపాటు ఆమెదీ ఒకే ఊపున కోసిపెట్టాడు. పుణ్యానికి చేసిన పని, చార తిరగలేదు.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. కొట్టింది నాలుగు చారల మేర. క్లోవర్ వాడిపోవడానికి వారం పైనే పడుతుంది. వాడినా ఎండదెబ్బ అనుకుంటుంది ఆ పిల్ల. గొట్టం చుట్టుకుంటూ ట్రక్కు దగ్గరికి నడిచాడు. గడ్డి ఆరేదాకా పిల్లల్నీ కుక్కల్నీ రానివ్వద్దని రాసిన పసుపు జెండాలు హాఫ్‌స్టెటర్ గారి గడ్డి అంచున గుచ్చాడు. ఒకటి చేతిలో మిగిలింది. దాన్ని పక్కింటి ముందు గుచ్చితే తప్పు ఒప్పుకున్నట్టే. ట్రక్కెక్కి ఇంజను వేశాడు.

ఇళ్ళ మధ్య సందులోంచి ఆ పెరడు కనబడుతోంది. వెనక తలుపు తెరుచుకుంది. బోసికాళ్ళతో ఏడాది పిల్ల తప్పటడుగులు వేస్తూ గడ్డిలోకి వచ్చి చతికిలబడింది. వెనకాల కెండ్రా బట్టల బుట్టతో. పిల్ల రెండు చేతులతో క్లోవర్ పీకింది.

గేరు మీద చెయ్యి వేశాడు వెర్లిన్. ఓపల్ వేళ్ళు గుర్తొచ్చాయి. గడియ మీద జారిపోతున్న వేళ్ళు. దేవుడా, ఆ పిల్ల ఆ ఆకు పడేస్తే చాలు, పడేస్తే వెళ్ళిపోతాను అనుకున్నాడు.

పిల్ల గుప్పిట నోటిదాకా తీసుకెళ్ళింది.

ఎట్లా దిగాడో తెలీదు. "అమ్మాయీ! పిల్లనెత్తుకో! నోట్లోది తీసెయ్! మందు కొట్టానమ్మా అక్కడ, పొరపాటున మీవైపు కొట్టేశాను!" అని అరుస్తూ పరిగెత్తాడు.

కెండ్రా బుట్ట వదిలేసింది. పిల్ల నోట్లో వేలు పెట్టి పచ్చటి ముద్ద లాగింది. పిల్ల కెవ్వుమంది. ఆమె లోపలికి పరిగెత్తింది, వెనకే అతను.

"ఆ బూట్లతో రాకండి!" అని గుమ్మంలోంచి అరిచింది.

అతను గుమ్మం బయటే రబ్బరు బూట్లు లాగేసి, మేజోళ్ళతో వంటగదిలోకి అడుగుపెట్టాడు. ఎడమ బొటనవేలు చిరుగులోంచి బయటికొచ్చి ఉంది.

కెండ్రా పిల్లని కొళాయి కింద కూర్చోబెట్టింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి విషాల సలహా కేంద్రంవాళ్ళతో మాట్లాడుతోంది. సబ్బు జారిపోతోంది. "కాస్త పట్టుకోండి దీన్ని!" అంది.

"నా చేతులకీ మందేనమ్మా. నేను ముట్టుకోకూడదు."

రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు గోడ పక్కన నిలబడ్డాడు. అవతలివాళ్ళు మందు పేరడిగితే చెప్పాడు. ఎంత నీళ్ళలో కలిపిందీ చెప్పాడు. పిల్ల ఏడుపు మధ్యలో ఆపి, అతని బొటనవేలు వంక చూసి, మళ్ళీ మొదలెట్టింది.

చాలాసేపటికి కెండ్రా ఫోన్ దించింది. "ఒళ్ళంతా కడగమన్నారు. నోరు తుడిచి నీళ్ళు పట్టమన్నారు. వాంతులైతే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నారు, లేకపోతే భయం లేదన్నారు." అక్కడే నేలమీద కూలబడి, తడిపిల్లని గుండెకి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "రాత్రి దీనికి ఏమన్నా అయితే? నేనొక్కదాన్నే ఉంటాను. నాకేం తెలుసు? నాకేం తెలుసండీ?"

వెర్లిన్ చెప్పాలనుకున్నాడు. మా ఇంట్లోనూ ఒక మనిషి ఉందమ్మా అని. మాట నాలుకదాకా వచ్చింది. పిల్ల గడ్డం మీద ఇంకా ఒక ఆకు ముక్క అంటుకుని ఉంది.

"గడ్డం కింద చూడమ్మా," అన్నాడు.

ఆమె తుడిచింది. తరవాత ముక్కు ఎగబీల్చి, "మీ కంపెనీకి చెప్పాలి. చెప్పకపోతే రేపు మా ఆయన నన్ను చంపేస్తాడు," అంది.

"చెప్పాలి."

"మిమ్మల్ని ఏమన్నా చేస్తారా?"

"ట్రక్కు మీదుంటుంది నంబరు. పెద్దక్షరాలే."

ఆమె ఫోన్ చేసింది.

కర్ట్ తన పికప్‌లో ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు గుమ్మంలో నిలబడి కెండ్రాకి క్షమాపణ చెప్పాడు. పిల్లని చూసి, ఆ గడ్డిని మళ్ళీ మళ్ళీ నీళ్ళతో తడిపిస్తామన్నాడు. అప్పటిదాకా వెర్లిన్ మేజోళ్ళతోనే వరండా స్తంభం పక్కన నిలబడే ఉన్నాడు.

"తాళాలు పెద్దాయనా," అన్నాడు కర్ట్ మెల్లగా.

ఇచ్చాడు.

"నోరు మూసుకుని వెళ్ళిపోయుంటే ఎవడికి తెలిసేది?"

"నాకు తెలిసేది కాదా బాబూ."

కర్ట్ తాళాలు రెండోవాడికి అందించాడు. రెండోవాడు ట్రక్కెక్కి అద్దాలు తన ఎత్తుకి సరిచేసుకున్నాడు. వెర్లిన్ పికప్‌లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. తీసి, తెర మీద ఓపల్ పేరు చూసి, అరచేత్తో మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మోగినంతసేపూ మోగి ఆగిపోయింది. "ఈ నెలాఖరుదాకా బీమా ఉంటుందేమో కనుక్కుంటావా?" అనడిగాడు. నెలాఖరంటే నాలుగు రోజులు కూడా లేదు, మంగళవారం ఒకటో తారీఖు. కర్ట్ తల ఊపి బండి కదిపాడు.

పొద్దువాలాక పిల్ల నిద్రపోయింది. ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, కెండ్రా వెనక తలుపు గడియ వెయ్యబోయి ఆగింది. గుమ్మం బయట మెట్టు మీద అతని రబ్బరు బూట్లు ఒకటి నిలబడి, ఒకటి పక్కకి ఒరిగి ఉన్నాయి. ఒరిగినదాని లోపల, ఎన్నేళ్ళనుంచో తొక్కి తొక్కి నల్లబడిన అట్ట మీద, ఐదు వేళ్ళ గుంటలూ విడివిడిగా కనబడుతున్నాయి.