ఆవిణ్ణి అడగండి

"నా నీలం చొక్కా ఎక్కడుంది?" అని మా ఆయన అరిచింది నా మీద కాదు, చిలక మీద. చిలకంటే మా కంపెనీ తయారుచేస్తున్న మాట్లాడే యంత్రం. ఇంట్లో మాటలు వింటూ ఇంటి సంగతులు నేర్చుకుంటుంది. దాన్ని తయారుచేసే విభాగానికి అధిపతిని నేనే కాబట్టి మొదటి పరీక్ష మా హాల్లోనే పెట్టాను. అది కాసేపు ఆలోచించి, "ఆవిణ్ణి అడగండి" అంది.

మా ఆయన పగలబడి నవ్వాడు. అత్తయ్యకైతే నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నాకు నవ్వు రాలేదు, కుతూహలం పుట్టింది. ఆ జవాబు మేమెవ్వరం దానికి నేర్పలేదే! "నన్నడుగుతావేంటమ్మా, దాన్నడుగు" అని ఈయన, "కోడల్ని అడగరా" అని అత్తయ్య రోజంతా అనుకునే మాటల్నే పాపం చిలక మర్యాదగా మార్చి చెప్పింది. పాలు అయిపోతే ఏం చెయ్యాలని అడిగాను. ఆవిణ్ణి అడగమంది. అత్తయ్య మోకాళ్ళ మందు? ఆవిణ్ణే అడగాలి. సరే, ఆ 'ఆవిడ' కళ్ళజోడు, అంటే నాది, ఎక్కడుందే అంటే మాత్రం "నాకు తెలియదు" అంది. ఔరా! ఇంటినిండా ఇన్ని మాటలు దొర్లుతుంటే నా గురించి ఒక్కరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదన్నమాట. డిజిటల్ మార్పుల గురించి వేదికలెక్కి ఉపన్యాసాలు దంచే నేను, వేదిక పక్కకొచ్చి గీజర్ స్విచ్చెక్కడుందో ఫోన్లో గుసగుసగా చెప్పిన రోజులు గుర్తొచ్చాయి. ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా, మిగతా ఇళ్ళల్లో చిలక ఏమంటుందో తెలుసుకోవాలనిపించింది.

కంపెనీకి ఆ ప్రశ్న అక్కర్లేదు. "ఆ జవాబు తీసేయించండి మేడం, కొనేవాళ్ళు నొచ్చుకుంటారు" అన్నాడు మా డైరెక్టరు. సంగతి విన్న ఊళ్ళోని యూనివర్సిటీ మాత్రం ప్రొఫెసర్ ఉద్యోగం, అదే ప్రశ్న మీద పరిశోధనకి ఒక ల్యాబూ ఇస్తామంది. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి.

"ఒప్పేసుకో. పాఠాలు చెప్పుకునే ఉద్యోగమేగా, నాలుగింటికల్లా ఇంట్లో ఉంటావు" అన్నాడాయన.

"ఇన్నాళ్ళకి చల్లని మాట విన్నాను తల్లీ, వంటమనిషిని మాన్పించెయ్యొచ్చు" అంది అత్తయ్య.

వాళ్ళ ముందే ఫోన్ చేసి ఒప్పుకున్నానని చెప్పేశాను. ఇద్దరి మొహాలూ విప్పారాయి.

"కానీ నాలుగింటికి రాను. ఏ ఇంట్లో ఎవర్నడుగుతారో వినడానికి ఊళ్ళో ఇళ్ళన్నీ తిరగాలి. అందరూ ఇల్లు చేరాకే నా పని మొదలు" అన్నాను.

"మరి ఈ ఇల్లెవరు చూస్తారు?" అన్నాడాయన.

"నాకూ అదే తెలుసుకోవాలనుంది."