ఆకుపచ్చ గీత

కార్ల పందెం ఆటను చాలాసేపు నడిపించాక లేవి ఆ ఫోన్ వీపును చెంపకు ఆనించుకున్నాడు. నాసిరకం ఫోన్ అయితే ఈపాటికి పెనంలా కాలేది. ఇది గోరువెచ్చగా ఉంది, అంతే. లోపలి చిప్ దమ్మున్నదే. తర్వాత అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. టైటానియం చట్రం, నున్నగా తిరిగిన మూలలు, కింద ఎడమవైపు చిన్న సొట్ట. వెనక మూడు కెమెరాల్లో ఒకదాని గాజు గీసుకుపోయింది. ఛార్జర్ దూర్చే చోట ఇసుక తగిలింది.

"మీ గండికోట ఇసుకేనా ఇది?" అని నవ్వాడు.

"అవునన్నా. ఆడ లోయ అంచున టూరిస్టులకు ఫోటోలు తీసేది నా పని. ఎండకూ దుమ్ముకూ ఇది శానా తట్టుకున్యాది," అన్నాడు ఫోన్ అమ్మడానికి వచ్చిన జయరాజ్. దుకాణంలో అడుగు పెడుతూనే "వందనాలన్నా" అన్న మనిషి. బల్ల మీద లేవి బైబిలు చూసి ఉంటాడు.

డోన్ స్టేషన్ రోడ్డులో శేషన్నది పాత ఫోన్లు కొని అమ్మే దుకాణం. తెచ్చిన ఫోన్‌ను పరీక్షించి కొనొచ్చో లేదో తేల్చడం లేవి పని. ఒకప్పుడు రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఫోన్లు. కాలం ఏది పారేస్తే దాన్ని ఒళ్ళో పెట్టుకుని బతుకుతున్నాడు పాపం. అతను సరే అంటే శేషన్న మళ్ళీ చూసుకునేవాడు కాదు.

ఇక మిగిలింది తెర. లేవికి భయం మొదలయ్యేది ఇక్కడే. కళ్ళల్లో నీటికాసులనీ, పోయిన చూపు ఇక రాదనీ కర్నూలు డాక్టరు చెప్పిన మాట అతను భార్య విశ్వాసమ్మకు కూడా చెప్పలేదు. చిన్న కంతలోంచి చూసినట్టు నడిమధ్యన కొంచెం కనిపిస్తుంది, అదీ పొగలో ఉన్నట్టు. ఖరీదైన తెరలు ఎండకు మాడితే నిలువునా ఆకుపచ్చ గీత పడుతుంది. వెంట్రుక మందాన ఉండే ఆ గీత లేవికి కనిపించడం మానేసి చాలాకాలమైంది. ఇది బయటపడితే పని పోతుంది. ఇంకో పని నేర్చుకోవడానికి కళ్ళేవి?

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తెరను పూర్తి తెల్లగా మార్చి, వెలుతురు ఆఖరిదాకా పెంచి, ఫోన్‌ను అమ్మేవాడి వైపు తిప్పి ప్రమాణం చేయిస్తాడు. ఎవరి దేవుడి మీద వాళ్ళు. అబద్ధమాడేవాడు ఎక్కడో తడబడతాడు, ఆ తడబాటు లేవి చెవికి దొరుకుతుంది. శేషన్న దీన్ని చాదస్తమనుకుని నవ్వుకునేవాడు.

"నువ్వే చూసి చెప్పప్పా. గీత ఏమన్నా ఉండాదా?"

"లేదన్నా. ఏసుప్రభువు సాక్షి," అన్నాడు జయరాజ్.

గొంతు తడబడలేదు. మన విశ్వాసి, ప్రభువు పేరెత్తి బొంకుతాడా అనుకున్నాడు లేవి. మిగతావాళ్ళను రెండుసార్లు అడిగేవాడు, జయరాజ్‌ను ఒక్కసారే అడిగి, డబ్బిచ్చి ఫోన్ తీసుకున్నాడు.

సరుకు కోసం ఊరెళ్ళిన శేషన్న సాయంత్రం తిరిగొచ్చాడు. ఆ ఫోన్ వెలిగించి తెరను లేవి వైపు తిప్పాడు.

"లేవన్నా, ఇది చూసింది నువ్వేనా?"

"నేనే."

"పైనుంచి కిందిదాకా పచ్చగీత పడుండాది గదప్పా! దోవన పోయేవానికి కూడా కనపడ్తాది. నీకు కనపడల్యా?"

లేవి ఫోన్ అందుకుని ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకున్నాడు. తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు.

"మీ చర్చి మనిషని వదిలేసినావా? లేకుంటే వాడు నీ చేతిలో ఏమన్నా పెట్టినాడా?"

ఒక్క మాట చాలు. నాకు చూపు లేదప్పా అంటే దొంగతనం మాట పోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ లేవి తండ్రికీ ఇదే జబ్బు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ముసలాయన చర్చి మెట్ల మీద కొడుకు కోసం కూర్చుంటే, ముష్టివాడనుకుని ఎవరో చేతిలో చిల్లర వేశారు. ఆయన దాన్ని పారేయలేక, జేబులో వేసుకోలేక, ఇల్లు చేరేదాకా పిడికిట్లో పట్టుకుని నడిచాడు. ఆ పిడికిలిని లేవి ఇప్పటికీ మరిచిపోలేదు. దొంగను తిడతారు, ముఖాన తలుపేస్తారు. గుడ్డివాడిని చెయ్యి చాపమంటారు.

"పెట్టినాడు," అన్నాడు లేవి.

శేషన్న అతని చేతిలోంచి ఫోన్ తీసేసుకున్నాడు. కాదంటాడనే అనుకున్నాడు, కాదంటే నమ్మేవాడేమో కూడా.

"రేపట్నుంచి రావద్దు లేవీ," అన్నాడు చివరికి.

ఇన్నేళ్ళలో అన్న అనకుండా పిలవడం అదే మొదలు. లేవి బైబిలు సంచిలో వేసుకున్నాడు. బల్ల అంచు పట్టుకుని తలుపుదాకా వచ్చాడు. బయట మునిమాపు, అతనికి పూర్తిగా చీకటి. మెట్టు మీద కాలితో తడుముకుని చెప్పులు తొడుక్కున్నాడు. రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గానీ ఎడమకాలికి బరువు తెలియలేదు. తోలు చెప్పు, తనది కాదు. వెనక్కి వెళ్ళి మార్చుకుంటే ఎందుకు తారుమారైందో చెప్పాలి. అలాగే నడిచి వెళ్ళిపోయాడు.

దుకాణం మూయడానికి బయటికొచ్చిన శేషన్న చెప్పుల కోసం వంగి, ఆ వంగినవాడు అలాగే ఉండిపోయాడు. మెట్టు మీద తన కుడికాలి తోలు చెప్పు ఉంది. దాని పక్కన జత అన్నట్టుగా, మడమ దగ్గర అరిగి కంత పడిన లేవి ఎడమకాలి రబ్బరు చెప్పు ఉంది.