లెయ్ అన్నా లేవని చిన్నయ్య

బేస్తవారిపేటలో తెల్లారగానే కరెంటు పోవడం మామూలే. పోగానే నాగవేణి పొయ్యి ముందు నుంచి లేవకుండానే "వెలుగు కమ్ము" అనేది. ఇల్లు వెలిగేది. పక్కింటి షాయిస్తా గోడ మీంచి తొంగిచూసి, "అక్కా, మా ఇంటిక్కూడా ఒక మాట చెప్పు, పిల్లలకు బడి టైమైతాంది" అనేది. నాగవేణి అటు తిరిగి అదే మాట చెప్పేది. ఎండిన బోరును రమ్మంటే నీళ్లొచ్చేవి. కంది మొలవకపోతే రైతులు ఆమెను బండెక్కించుకొని చేనుకు తీసకపోయేవాళ్లు.

ఆమె మాట విననిది తమ్ముడు చిన్నయ్య ఒక్కడే.

మార్కాపురం పలకల గనిలో మట్టిపెళ్ల విరిగిపడి చిన్నయ్య కాలు విరిగింది. పక్కనే ఉన్న స్నేహితుడు దావీదు చనిపోయినాడు. ఎముక అతుక్కుందనీ, ఇంక నడవకపోతే కాలు చచ్చుబడుతుందనీ డాక్టరు చెప్పినాడు. అయినా చిన్నయ్య మంచం దిగలేదు. "లెయ్!" అని నాగవేణి గట్టిగా అంటే మంచం జానెడు పైకి లేచేది. చిన్నయ్య దాని మీద అట్లనే పడుకొని ఉండేవాడు.

ఆదివారం ప్రార్థన అయినాక ఆమె పాస్టరును అడిగింది.

"అయ్యగారూ, నీళ్లు వింటాయి, నేల వింటది. వీడెందుకు వినడు?"

"వెలుగును కమ్మన్నాడు దేవుడు. భూమిని మొలిపించమన్నాడు. మరి మనిషి దగ్గరికొచ్చేసరికి ఏమన్నాడమ్మా?"

చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన బైబిలు మాటే. "నరులను చేయుదము..." అంటూనే ఆగిపోయింది. "చేద్దాం అన్నాడు. కమ్మని చెప్పి ఊరుకోలా. మట్టిలో తానే చెయ్యి పెట్టినాడు."

నాగవేణి ఎండలోనే గబగబా ఇంటికొచ్చి, మంచం పట్టె మీద తమ్ముడి పక్కన కూర్చుంది.

"ఏందిరా నీ భయం?"

చిన్నయ్య గోడవైపు తిరిగినాడు. "లేస్తే దావీదు వాళ్లమ్మ దగ్గరికి పోవాల. ఏ మొగం పెట్టుకొని పోనక్కా?"

నాగవేణి అతని చెయ్యి తన భుజం మీద వేసుకుంది. "ఇద్దరం పోదాం. లేద్దాం రా."

ఈసారి మంచం కదల్లేదు. చిన్నయ్య లేచినాడు. బరువంతా మీద పడి అక్క నడుము వంగింది, అయినా ఇద్దరూ నిలబడినారు.

మధ్యాహ్నం బస్సుకు మార్కాపురం పోయినారు. దావీదు తల్లి నాగరత్నమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చిన్నయ్యను చూసి చేట కింద పెట్టింది.

"ఇన్నాళ్లూ రాలేదేంది నాయనా? నా కొడుకు సంగతి చెప్పేవాళ్లే లేరు నాకు."

చిన్నయ్య ఆమె పక్కన కూర్చొని చెప్పడం మొదలుపెట్టినాడు.

సాయంత్రం తిరుగు బస్సు నాగవేణి ఒక్కతే ఎక్కింది. చిన్నయ్య ఆ తల్లి దగ్గరే ఉండిపోయినాడు.