పన్నెండో చోటు

కొత్త జంటలకు మా ఊరు చూపించడం నా వృత్తి. ఇరవై ఆరేళ్ళుగా ఎర్ర గొడుగు పైకెత్తి ముందు నేను నడుస్తాను, వెనక వాళ్ళు వస్తారు. ఏ సందులో ఫొటో బాగుంటుందో, ఏ వంతెన మీద కొత్త పెళ్ళాం అలక తీరుతుందో అన్నీ నా నాలుక చివర ఉంటాయి. అలాంటి నాకు సొంత హనీమూన్ లేదు. మా పెళ్ళయింది సీజన్‌లో. సీజన్ అయ్యాక వెళ్దామన్నాను. ఎక్కడికంటే ఇక్కడికేనంది మా ఆవిడ.

"ఎక్కడెక్కడి జనమో ఈ ఊరు చూడ్డానికి వస్తుంటే మనం ఇంకెక్కడికి పోతామండీ?"

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఆమె ఆ చెట్టే కావాలంది. చూద్దాంలే అన్నాను. ఆ 'చూద్దాం' అలాగే ఉండిపోయింది.

ఆమెది చౌరస్తాలోని పెద్ద హోటల్ లాండ్రీలో పని. ఏటి ఒడ్డున దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మూట కట్టి పాత ఊరి సందుల్లోంచి మోసుకెళ్ళి హోటల్‌కి చేర్చాలి. "మీరు ఊరు చూపిస్తారు, నేను పక్క వేస్తాను. మనిద్దరం లేకపోతే ఇక్కడ ఒక్క కాపురమూ మొదలవదు" అని నవ్వేది.

పోయిన చలికాలంలో డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఆమె గుండె బాగా దెబ్బతిందనీ, ఎండలు ముదిరేదాకా ఉంటే గొప్పేననీ చెప్పాడు. నేను ఆమెకేమీ చెప్పలేదు. నా మొహం చెప్పేసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అడిగింది.

"అయితే మన హనీమూన్ ఎప్పుడు పెడుతున్నారు?"

ఏం చూడాలనుందన్నాను.

"గంటల బురుజు. అక్కడ మీరు చెప్పే రాణి కథ చివరిదాకా వినాలి."

"కథేగా, ఇప్పుడే చెప్తాను."

"వద్దు. ఇంట్లో చెప్తే ఏం బాగుంటుంది, అక్కడ నిలబడి వినాలి అనేవారుగా?"

నా మాట నాకే అప్పజెప్పింది. తప్పించుకోవడానికి అన్న మాటని ఇన్నేళ్ళూ దాచుకుంది.

ఆ సాయంత్రమే పథకం రాశాను. రెండు రోజులు, పద్దెనిమిది చోట్లు. ఆమె చదివి మడిచి పెట్టింది. "ఇది హనీమూనా, దండయాత్రా?" పాత ఊళ్ళోకి కార్లు రావు. చక్రాల కుర్చీ తెస్తానని మా బావమరిది ముందుకొచ్చాడు. "అక్కా, మహారాణిలా తోసుకెళ్తాను." "పెళ్ళికూతుర్ని తోపుడుబండి మీద తీసుకెళ్తార్రా ఎక్కడైనా?" అని వాణ్ణి కసిరింది. పడక నుంచి కిటికీదాకా, మళ్ళీ పడక దాకా నడిచి చూపించింది. నలభై అడుగులు. ఆ తర్వాత కూర్చోక తప్పలేదు.

సరే, నలభైకొకటి చొప్పున కూర్చునే చోట్లు కావాలి. మర్నాడు గొడుగు లేకుండా, మేం దిగాలనుకున్న ఆమె హోటల్ గేటు నుంచి బురుజుదాకా అడుగులు లెక్కపెడుతూ నడిచాను. ఏ రాయి ఏ రాజు వేయించాడో తెలుసు గానీ ఏ రాయి మీద మనిషి కూర్చోవచ్చో తెలియదు నాకు. మూసేసిన మందుల షాపు మెట్లు, పుస్తకాలు కుట్టే ఆయన అరుగు, ఎండిపోయిన ఫౌంటెన్ గట్టు. చెప్పులు కుట్టే ముసలాయన తన రెండో స్టూలు ఇస్తానన్నాడు. అన్నీ కలిపి పదకొండు దొరికాయి. ఆ స్టూలు దాటాక ఎత్తుగా ఉండే సందులో మాత్రం రెండు వైపులా గోడలే. 'ఇక్కడ నేను పట్టుకోవాలి' అని కాగితం మీద రాసుకున్నాను.

అనుకున్న రోజు పొద్దున్నే వెళ్ళాం. లాండ్రీవాళ్ళంతా కలిసి మేనేజరుకి చెప్పి మూడో అంతస్తు గది ఇప్పించారు. లోపలికి వెళ్ళీ వెళ్ళగానే దుప్పటి అంచు ఎత్తి చూసింది. "మడత వంకర. కొత్తపిల్ల చేసుంటుంది." మంచం మీద కాసేపు కూర్చుని, కొత్త చీర సర్దుకుని, పదండి అంది.

మందుల షాపు మెట్లు, అరుగు, ఫౌంటెన్ గట్టు... ఒక్కో చోటా కూర్చుని దర్జాగా చుట్టూ చూసింది. స్టూలు మీంచి లేచాక ఆమె చెయ్యి పట్టుకుని ఆ సందులోకి నడిచాను. రాణి కథ నేను రోజూ ఆ సందు మొదట్లోనే ఎత్తుకుంటాను. అలవాటు చెడ్డది. నోరు మొదలుపెట్టింది, కాళ్ళకి చక్రాలు వచ్చాయి, గొడుగు లేకపోయినా, ఆమెని వదిలేసి చెయ్యి పైకి లేచింది. "...యుద్ధం నుంచి రాజు వచ్చాడని గంటలు మోగాయి. రాణి గబగబా మెట్లు దిగింది..." అంటూ మలుపు తిరిగాను. ఎదురుగా బురుజు. జనాన్ని లెక్కపెట్టడానికి వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

పరిగెత్తాను. సందు నడుమ, గోడలోకి లోతుగా ఉన్న మూసిన గుమ్మంలో కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇక్కడ గుమ్మం ఉందా?" అన్నాను పిచ్చివాడిలా.

"ఎప్పట్నుంచో ఉంది. రోజూ మూట దించుకుని ఇక్కడే ఊపిరి తీసుకునేదాన్ని. మీరు నా ముందు నుంచే వెళ్ళేవారు."

"పిలవచ్చుగా!"

"మీ వెనక ముప్పైమంది. మీ కళ్ళు బురుజు మీద. ఎలా పిలవను?" అని ఆగి ఊపిరి తీసుకుంది. "రాణి గబగబా మెట్లు దిగింది అనేదాకా వినపడేది. తర్వాత మలుపు తిరిగిపోయేవారు. ఏమైందండీ ఆ రాణికి?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ మాత్రమే గెలిచాను.

"ముందు బురుజుదాకా ఎత్తుకెళ్తాను, లే."

"ఇంక లేవలేను. ఇక్కడే చెప్పండి."

పక్కన కూర్చున్నాను. అక్కణ్ణుంచి బురుజు కనపడదు. ఎన్ని వేలసార్లు చెప్పానో తెలియని కథ, సగం నేను కల్పించిందే, మొదటిసారి ఆమెకి చివరిదాకా చెప్పాను. బురుజుకి రెండు వైపులా రెండు మెట్లదారులు. రాణి ఒక దారిన దిగింది. రాజు రెండో దారిన ఎక్కాడు. పైన ఆయన, కింద ఈవిడ. మళ్ళీ ఆయన దిగాడు, ఈవిడ ఎక్కింది. ఎప్పుడూ అందరూ ఇక్కడ పకపకా నవ్వుతారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె మాత్రం నవ్వింది, దగ్గు వచ్చేదాకా. "ఇంతేనా! దీనికా ఇన్నేళ్ళు ఊరించారు?" కళ్ళు తుడుచుకుని నా భుజానికి ఆనుకుంది. "మనమే నయం. మీరు వెనక్కొచ్చారు."

బురుజు చూడకుండానే, ఆమెని ఎత్తుకుని గదికి తిరిగొచ్చాను. ఎండలు ముదరకముందే పోయింది.

ఇప్పుడు నేను జట్టుకి వెనకాల నడుస్తున్నాను. గైడు వెనకుంటే దారెలా తెలుస్తుందని ముందువాళ్ళు విసుక్కుంటారు. తిన్నగా పొమ్మంటాను. ఆ గుమ్మం దగ్గర మాత్రం ఆగుతాను. మూట దించుకుని ఎవరైనా కూర్చున్నారేమోనని చూసి, అప్పుడు కదులుతాను.