బ్రేకే తొక్కింది

యమున కారు నడపడం నేర్చుకున్న కొత్తలోనే ఆ ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. "ఆమెకు బ్రేక్ మీద కాలు ఎక్కువ." ఆ మాట మొదట అన్నది ఆమె మొగుడు రాంప్రసాదే. పక్కన కూర్చుని నవ్వుతూ అన్నాడు. తర్వాత ఆయన తల్లి విజయలక్ష్మి అన్నది, చెల్లెలు అన్నది, చెల్లెలి మొగుడు మల్లికార్జున్ అయితే ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగేవాడు, "అక్కయ్య బ్రేక్ మీదికెల్లి కాలు తీసిందా బావా?" అని. యమున కూడా నవ్వేది.

రాంప్రసాద్‌కు వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే అన్నం తినడానికి కూడా తీరిక దొరకదు. యమున నలభై దాటాక పంతం పట్టి డ్రైవింగ్ స్కూల్లో చేరినప్పుడు ఆయన ఎగతాళి చేశాడు గానీ, తర్వాత అది ఆయనకే సుఖమైంది. తల్లిని కంటి దవాఖానకు తీసుకుపోవడం, చుట్టాల ఇళ్ళకు పోయిరావడం, హన్మకొండలో పనులు, అన్నీ ఆమే చూసుకునేది. గిర్మాజీపేట ఇంటి ముందు కారు ఆపి, అద్దంలో ఒకసారి చూసుకుని దిగే భార్యను చూసి ఆయన లోపల గర్వపడేవాడు. బయటికి మాత్రం ఆ పాత మాటే అనేవాడు.

దీపావళి వెళ్ళిన కొత్తలో ఒక పొద్దున యమున చెప్పింది.

"ఏమండి, బ్రేక్ తొక్కినప్పుడల్లా ముంగట చక్రం కాడ కీచుమంటాంది. పలక మీద బలపం గీకినట్టు."

"నువ్వు ఊకె తొక్కుతవ్ గద, అందుకే," అన్నాడు రాంప్రసాద్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అయినా ఇంజన్ ఆయిల్ మార్పించే పని ఉండటంతో, ఆ వారంలోనే కారును ములుగు రోడ్డులోని యాదగిరి షెడ్డుకు తీసుకుపోయాడు. యాదగిరి ఆయనతో పాటు బడిలో చదువుకున్నవాడు. చక్రం ఊడదీసి, లోపలికి చూసి పిలిచాడు.

"ఇటు రా ప్రసాదూ. బ్రేక్ ప్యాడ్లు అయిపోవచ్చినయ్. ఈ చిన్న రేకు చూసినవా? ప్యాడ్ అరిగినంక ఇది పోయి చక్రంతోని తిరిగే డిస్కుకు తాకి కూస్తది. నన్ను మార్చుకో అని చెప్పుడే దీని పని. ఇప్పుడే మారిస్తే డిస్కులు బతుకుతయ్. బ్రేక్ ఆయిల్ గూడ నల్లగైంది. బండి ఇడిసిపెట్టి పో, పొద్దుగూకేసరికి ఇస్త."

అప్పుడే దుకాణం నుంచి ఫోన్ వచ్చింది, సామాన్ల లోడ్ దిగుతున్నదని. సాయంత్రం మళ్ళీ ఇంత దూరం ఎవరు వస్తారు?

"వచ్చే వారం తెస్తగాని, చక్రం ఎక్కియ్యి."

"తెస్తే మంచిదే. అప్పటిదాంక మాత్రం దూరం పంపకు," అన్నాడు యాదగిరి.

ఆ వచ్చే వారం రాలేదు. రాంప్రసాద్ మరిచిపోయాడని చెప్పడానికి లేదు. రోజూ పొద్దున చెప్పులు వేసుకునేటప్పుడు గుర్తుకొచ్చేది, వీధి మలుపు తిరిగేసరికి గిరాకీ ఆలోచనల కింద పడిపోయేది. కారు నడిపేది యమున గనుక, ఆ చప్పుడు ఆయన చెవిన పడేది కాదు. కొన్నాళ్ళకు ఆమే మళ్ళీ చెప్పింది.

"కీచు పోయిందిగని గరగర వస్తాంది ఇప్పుడు. తొక్కితే కాలికి గూడ తెలుస్తాంది."

"కీచు పోయిందంటే బాగైనట్టే గదా," అన్నాడాయన.

వర్ధన్నపేటలో రాంప్రసాద్ చిన్నాయన మనుమరాలి పెళ్ళి. దుకాణం వదిలి ఆయన పోలేడు. తల్లీ యమునా పోయిరావాలని అనుకున్నారు. ముందు రోజు యమున అడిగింది.

"బండిని ఒకపారి యాదగిరన్నకు చూపిచ్చి పోదునా?"

"చూపిచ్చిన గద మొన్న. ఏం లేదన్నడు."

ఎందుకలా అన్నాడో తర్వాత ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఆయనకు సరైన జవాబు దొరకలేదు. చూపించిన మాట నిజం. ఏం లేదన్నది అబద్ధం. ఆ రెండూ కలిసి ఒక్క మాటగా నోటి నుంచి వచ్చేశాయి.

మర్నాడు మధ్యాహ్నం, స్టీలు బిందెలు బేరం చేస్తున్న గిరాకీ ఎదురుగా ఉండగా ఫోన్ మోగింది. ఎవరో తెలియని గొంతు. మామునూరు ఇవతల కారు పత్తి ట్రాక్టర్‌ను గుద్దిందని, ఆడవాళ్ళిద్దరూ బతికే ఉన్నారని చెప్పింది ఆ గొంతు.

ఆయన పోయేసరికి కారు ముందు భాగం ట్రాలీ కిందికి దూరి ఉంది. బానెట్ మీద, రోడ్డు మీద పత్తి చెదిరి పడింది. తల్లి చింతచెట్టు కింద కూర్చుని, వాచిపోయిన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఏడుస్తోంది. యమున నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి. ఆమె ఏడవడం లేదు. అత్తను వెనుక నుంచి పట్టుకుని నిలబడి, మొగుడు రాగానే ఒక్కటే మాట అన్నది.

"నేను తొక్కిన. కాలు కిందిదాంక పోయింది."

ట్రాక్టర్ నడిపేవాడు కూడా కోపంగా లేడు. "నేను టైరు చూసుకుందామని ఆపిన సారూ. అమ్మ మస్తు దూరం కెల్లే హారన్ కొట్టుకుంట వచ్చింది," అన్నాడు.

విజయలక్ష్మి మణికట్టు విరిగింది. కట్టు కట్టించి ఇంటికి చేర్చాక, రాంప్రసాద్ మర్నాడు కారును లాగించి పెట్టిన షెడ్డుకు పోయాడు. యాదగిరి ఊడదీసిన ప్యాడ్ తెచ్చి చేతిలో పెట్టాడు. ప్యాడ్ అని అనడానికి ఏమీ మిగల్లేదు, గీతలు పడిన ఇనుప పలక తప్ప.

"ఇనుము మీద ఇనుము రాసుకున్నది. పిస్టన్ బయటికొచ్చి ఆయిలంతా కారిపోయింది. వదిన ఎంత తొక్కినా ఏమైతది? వెనక చక్రాలు జర పట్టినయ్ గనక ఈ మాత్రం దక్కిన్రు."

రాంప్రసాద్ ఆ ఇనుప ముక్కను బల్ల మీద పెట్టేశాడు.

"ఇంట్ల చెప్పకు యాదగిరీ."

యాదగిరి చేతులు తుడుచుకుంటున్న గుడ్డను పక్కకు పడేశాడు. "చెప్పాల్సింది నువ్వు. నడుమ నేనెందుకు చెప్త? ఆ రోజు బండి నీకు ఇయ్యకుంట నేనన్న ఆపాల్సింది. అదే నాకు రాత్రి నుంచి కొట్లాడుతాంది లోపట," అన్నాడు.

ఇంటికి వస్తూ దారి పొడుగునా చెప్పేద్దామనే అనుకున్నాడు రాంప్రసాద్. తల్లి మంచం పక్కన యమున కూర్చుని ఆమెకు తల దువ్వుతోంది. తల్లి "నా ఖర్మ, నలభై ఏండ్లకు దీనికి కారు కావాల్సి వచ్చె" అని గొణుగుతోంది. యమున జడ వేసి, లేచి ఆయన వెంట వంటింట్లోకి వచ్చింది.

"యాదగిరన్న ఏమన్నడు? నేను బ్రేకే తొక్కిన్నా? నాకైతే బ్రేకే అనిపిస్తాంది."

ఆమె కళ్ళు ఆయన ముఖం మీదే ఉన్నాయి. అవతల తల్లి మూలుగు వినబడుతోంది. ఇప్పుడు నిజం చెబితే తల్లి చెయ్యి విరగ్గొట్టినవాడు తనే అవుతాడు.

"బ్రేకులు మంచిగనే ఉన్నయట. భయంల ఏది తొక్కినవో నీకేం ఎరుక."

ఆమె తల ఊపింది. "అట్లనే అయ్యుంటది," అన్నది.

మొదటి అబద్ధం నిర్లక్ష్యంలోంచి వచ్చింది. ఇది అట్లా కాదు. చూస్తూ చూస్తూ, ఆలోచించి చెప్పాడు. ఆ సంగతి ఆమె తల ఊపిన క్షణంలోనే ఆయనకు తెలిసింది.

పరామర్శకు చుట్టాలు రావడం మొదలైంది. యమున అందరికీ చాయ్ ఇస్తూ తన తప్పు తనే చెప్పుకునేది. మొదట "కాలు తడబడింది" అనేది. తర్వాత "బ్రేక్ అనుకుని క్లచ్ తొక్కిన కావచ్చు" అన్నది. సంక్రాంతి నాటికి ఆ 'కావచ్చు' కూడా పోయింది. క్లచ్చే తొక్కిందట. తొక్కినప్పుడు చెప్పు జారిందట. ఆ చెప్పు ఆమె ఎప్పుడో బయట పారేసిందట. జరగనిదాన్ని ఆమె ఒక్కొక్క ముక్కా పేర్చి నిజం చేసుకుంటుంటే, రాంప్రసాద్ ఎదురు కుర్చీలో కూర్చుని చాయ్ చప్పరిస్తూ విన్నాడు. మల్లికార్జున్ "బ్రేక్ మీదికెల్లి కాలు తియ్యమంటే అసలుకే తీసినవా అక్కయ్యా!" అంటే అందరూ నవ్వారు. రాంప్రసాద్ నోరు కూడా నవ్వినట్టే కదిలింది.

ఆమె అత్తకు స్నానం చేయించేది, అన్నం కలిపి నోట్లో పెట్టేది. కారు షెడ్డు నుంచి తిరిగొచ్చినా దాని వైపు చూడలేదు. కూరగాయలకు ఆటోలో పోయేది. "జర బండి తీయరాదా" అని ఒకసారి ఆయనే అంటే, "వద్దండి, మనుషులను సంపుకునే తెలివి నాది," అన్నది.

రాంప్రసాద్ దుకాణంలో గిన్నెలు ఒకదానికొకటి రాసుకుని చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. పనివాళ్ళ మీద అరిచేవాడు.

జాతర రద్దీ మొదలవక ముందే మేడారం పోయి మొక్కు తీర్చుకుందామని విజయలక్ష్మి అన్నది. చెయ్యి బాగవుతున్నందుకు అక్కడి వనదేవతలైన తల్లులకు బెల్లం ఇస్తానని మొక్కుకున్నదట. ఒక పొద్దున ముగ్గురూ బయలుదేరారు. రాంప్రసాద్ నడుపుతున్నాడు, పక్కన యమున, వెనుక సీట్లో తల్లి.

ఊరు దాటాక గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆయన బ్రేక్ తొక్కాడు. ఎందుకో పక్కకు చూశాడు. యమున కుడి కాలు ముందుకు సాగి, కింద పరిచిన రబ్బరు మ్యాట్‌ను గట్టిగా నొక్కుతోంది. క్లచ్ తొక్కే ఎడమ కాలు కదలలేదు. కొంత దూరం పోయాక ఒక బస్సు ఆగింది. మళ్ళీ కుడి కాలే, ఆయన కంటే ముందుగా. మడమ నేలకు ఆనించి, సరిగ్గా బ్రేక్ ఉండాల్సిన చోట. ఆమె మాత్రం కిటికీ బయట చూస్తోంది. తన కాలు ఏం చేస్తున్నదో ఆమెకే తెలియదు.

ములుగు దగ్గర గట్టమ్మ గుడి వస్తే, మేడారం పోయే బండ్లన్నీ ఆగినట్టే ఈ కారూ ఆగింది. యమున కొబ్బరికాయ కోసం తలుపు తీయబోయింది.

"ఆగు," అన్నాడు రాంప్రసాద్. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. "నువ్వు బ్రేకే తొక్కినవ్ యమునా. క్లచ్ కాదు. బ్రేకుల ఏం లేకుండె. ప్యాడ్లు అరిగిపోయినయని యాదగిరి నాకు ముందుగాలనే చెప్పిండు. దూరం పంపకు అన్నడు. నేనే మార్పియ్యలే."

బయట బెల్లం అమ్మే ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, లోపలి ముఖాలు చూసి వెనక్కి పోయింది.

"పెండ్లికి పోయే ముంగట అడిగిన మిమ్ముల," అన్నది యమున చివరికి. "యాదగిరన్న ఏం లేదన్నడని చెప్పిన్రు."

"అబద్ధం చెప్పిన."

"వంటింట్ల అడిగిన."

"అదీ అబద్ధమే."

వెనుక నుంచి తల్లి అందుకున్నది. "దాని చేతి బువ్వ తినుకుంట దాన్నే తిట్టిన గదరా ఇన్ని దినాలు. నా నోటితోని ఎంత పాపం చేపిచ్చినవ్ రా!"

యమున కారు దిగింది. కోపంగా తలుపు వేస్తుందనుకున్నాడు, మెల్లగానే వేసింది. వెనుక తలుపు తీసి అత్త పక్కన కూర్చున్నది. విజయలక్ష్మి బాగున్న చేత్తో కోడలి చెయ్యి పట్టుకున్నది. రాంప్రసాద్ ఒక్కడే ముందు కూర్చుని మేడారం దాకా, మళ్ళీ ఇంటి దాకా బండి నడిపాడు. అద్దంలోకి చూడాలంటే భయమేసింది.

ఇంటికొచ్చాక ఆమె అరవలేదు, ఏడవలేదు. వండింది, వడ్డించింది. రెండో రోజు ఆయనే ఉండబట్టలేక, "ఏమన్న అనరాదా," అన్నాడు.

"ఏమనాలె? చెయ్యి విరిగితే కట్టు కడితిరి. నా కాలు ఏది తొక్కిందో నాకే తెల్వకుంట చేస్తిరి. పిచ్చిదాన్నేమో అనుకున్న నేను." అంతే అన్నది.

అప్పుడు ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఎవరెవరి ముందు ఆమె తలవంచుకున్నదో వాళ్ళందరికీ తనే చెప్పాలి. ఆదివారం పొద్దున హాల్లో కూర్చుని మల్లికార్జున్‌తో మొదలుపెట్టాడు. యమున అక్కడే చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. దాచడానికి ఏముందని స్పీకర్ పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

అవతల మల్లికార్జున్ నవ్వాడు. "బావా, నీలాంటోడు ఉండాలె. అక్కయ్యను కాపాడనీకి తప్పు నీ మీద ఏసుకుంటానవా?"

"కాదు బావా, నిజంగనే. యాదగిరిని అడుగు."

"నీ దోస్తు నువ్వు చెప్పిందే చెప్తడు గదా. సరే సరే, ఇగ అక్కయ్యను ఏమనంలే. ఫికర్ చెయ్యకు."

చెల్లెలు ఫోన్ అందుకుని ఏడుపు గొంతుతో, "అన్నా, నీది ఎంత పెద్ద మనసే," అన్నది. వర్ధన్నపేట చిన్నాయన కూడా ఇంచుమించు అదే అన్నాడు. భార్యను ఇట్లా చూసుకునే మగవాళ్ళు ఈ కాలంలో ఎక్కడున్నారన్నాడు. రాంప్రసాద్ గొంతు పెంచాడు, ఒట్టు పెట్టాడు. ఎంత గట్టిగా చెబితే అంత మంచివాడయ్యాడు.

ఫోన్ పక్కన పెట్టి తల వంచుకుని కూర్చున్నాడు.

"మీరు ముందుగాల చెప్పిందే నిలబడ్డది," అన్నది యమున. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే ఆయనకు ఎక్కువ నొప్పి అనిపించింది.

"ఇంటికి పిలిచి అందరి ముంగట యాదగిరితోని చెప్పిస్త."

"చెప్పియ్యండ్రి. చెప్పియ్యద్దని నేనంటలేను," అన్నది ఆమె. చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచింది. "నేను మాత్రం రేపు యాదగిరన్న షెడ్డుకు పోతాన. చక్రం ఊడదీసి అన్నీ చూపియ్యమని అడుగుత. ఏ చప్పుడు దేనిదో నాకే తెలుస్తే మిమ్ముల అడిగే అక్కర ఉండది."

"నేను తీస్కపోత," అన్నాడు రాంప్రసాద్ గబుక్కున.

"వద్దు. మీకు దుకాణం ఉన్నది గదా," అన్నది యమున, వంటింట్లోకి పోతూ.