పుష్పాబాయి గోలీలు

మా గ్రేస్‌కు ఇస్తున్నవి ఉత్త సుద్ద గోలీలని మూడో నెలలోనే తేల్చేసుకున్నాను. ఎవరూ చెప్పలేదు. చెప్పరు కూడా. చెప్పకపోవడమే వాళ్ల పద్ధతి.

గ్రేస్ నా భార్య. పోయిన ఏడాది ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడితే సూర్యాపేట ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి తీసేశారు. తర్వాత ఆరు కీమోలు. అన్నీ అయ్యాక ఆ ఆస్పత్రిలో పరిశోధన పని చూసే క్రాంతి మేడం, మిర్యాలగూడ అమ్మాయి, మమ్మల్ని కూర్చోబెట్టి పద్నాలుగు పేజీల కాగితం చదివి వినిపించింది. గడ్డ మళ్లీ రాకుండా ఒక కొత్త గోలీ ఆపుతుందా లేదా అని చూస్తున్నారట. చేరినవాళ్లలో సగం మందికి అసలు గోలీ, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి గోలీ. ఎవరికి ఏది పోవాలో కంప్యూటర్ చీటీ తీస్తుంది. మాకు తెలియదు, తనకు తెలియదు, డాక్టరుకూ తెలియదు.

"డాక్టరుకు గూడా తెలియదా?" అని రెట్టించాను.

"తెలిస్తే మనసు ఒక దిక్కు గుంజుతది సార్. అందుకే తెలవనియ్యరు," అందామె.

ముప్పై ఒక్క ఏళ్లు కోదాడ చుట్టుపక్కల హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఎవరికీ తెలియదంటే నమ్మడానికి నేనేమన్నా ఏడో తరగతి పిల్లవాణ్నా? ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. తెలిసినవాళ్లు తమవాళ్లకు అసలుది పెట్టుకుంటారు. రేషన్ బియ్యంలో జరిగేది మందులో జరగదా? నేను పాలు పోయించుకున్నా లాక్టోమీటరు ముంచి చూసే రకం. "మీకు దేవుడు కనబడ్డా ఆధార్ కార్డు అడుగుతరు," అని గ్రేస్ ఆట పట్టిస్తుంది. ఆమె మాత్రం నవ్వుతూ సంతకం పెట్టింది.

అదే రోజు అదే బల్ల దగ్గర వేలిముద్ర వేసింది పుష్పాబాయి. వాళ్లది చిలుకూరు అవతల తండా. భర్త ఫూల్‌సింగ్ రెండెకరాల వరి రైతు. ఆమెదీ అదే జబ్బు, అదే ఆపరేషన్, అవే కీమోలు. నెలకోసారి నలుగురం కోదాడలో ఒకే బస్సెక్కి సూర్యాపేట పోయేవాళ్లం. తిరిగి వచ్చాక వాళ్లు మా ఇంట్లో అన్నం తిని, ఎండ తగ్గాక తండాకు ఆటో ఎక్కేవాళ్లు. ఆడవాళ్లిద్దరూ జుట్టు ఎవరికెంత మొలిచిందో చూసుకుని నవ్వుకునేవాళ్లు. ఫూల్‌సింగ్ ఆ నెల ఆస్పత్రిలో ఇచ్చిన గోలీల సీసా నా చేతిలో పెట్టేవాడు. పొద్దున గోలీకి సూర్యుడు, రాత్రి గోలీకి చంద్రుడు బొమ్మలు వేసి, తేదీల కాగితం రాసిచ్చే పని నాది.

మూడో నెలలో పుష్పాబాయి అరచేతులు ఎర్రబడి పొట్టు లేచాయి. "కారం ముట్టుకోరాకుండ అయింది మేడం," అని చేతులు చూపించింది. క్రాంతి మేడం పూతమందు ఇచ్చి, "మందుతోని గిట్ల కావొచ్చు, గోలీలు మాత్రం బంద్ చెయ్యకు," అని ఏదో రాసుకుంది.

నేను గ్రేస్ చేతులు చూశాను. నున్నగా ఉన్నాయి. మూడు నెలల్లో ఒక్క వాంతి లేదు, ఒక్క కురుపు లేదు. తండా మనిషికి అసలుది, మాకు సుద్ద. ఇంటికొచ్చి ఒక గోలీని నాలుక మీద పెట్టుకున్నాను, చేదుగా ఉంది. ఇంకొకటి నీళ్లలో వేశాను, తెల్లగా కరిగింది. ఏమీ తేలలేదు. తేలకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది.

నాలుగో నెల ఇద్దరికీ కొత్త సీసాలు ఇచ్చారు. కాగితం రాస్తానని రెండింటినీ మా ఇంటి లోపలి గదిలోకి తీసుకుపోయాను. వంటింట్లోంచి ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఫూల్‌సింగ్ వసారాలో కునుకు తీస్తున్నాడు. పుష్పాబాయి గోలీలు పేపరు మీద పోశాను. మావి ఆమె సీసాలో నింపాను, ఆమెవి మా సీసాలో నింపాను. రంగు అదే, లెక్క అదే. రెండు నిమిషాల పని. ఐదో నెలలోనూ అదే పని చేశాను.

ఐదో నెల సగంలో గ్రేస్ అరచేతులు మండటం మొదలుపెట్టాయి. పొట్టు లేచింది. టీ గ్లాసు పట్టుకోలేక కింద పెట్టేసి కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు సంతోషమేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజంగానే సంతోషమేసింది.

"నేను మంటకు సస్తుంటే ఏందండీ, ముఖం అట్ల ఎలిగిపోతాంది?" అంది.

"మందు పని చేస్తుందన్నమాట," అన్నాను.

"ఇన్ని నెలలు చెయ్యనిది ఇప్పుడెట్ల చేస్తది?"

పూతమందు తెస్తానని బయటికి పోయాను.

ఆరో నెల క్రాంతి మేడం ముందుగా పుష్పాబాయి చేతులు తిప్పి తిప్పి చూసింది. మచ్చ లేదు. మేడం ముఖం గంటు పెట్టుకుంది.

"పుష్పాబాయీ, గోలీలు మింగుతున్నవా, పారేస్తున్నవా?"

"మింగుతున్న మేడం. ఒక్కటి తప్పలే."

"గంతగనం పొక్కిన చేతులు గింత సాఫ్ ఎట్లయినయి? తండాల ఎవరన్న పసరు పోస్తున్నరా? గోలీలు మానెయ్యమన్నరా? సీసా ఖాళీ చేసి తెచ్చి చూపిస్తే నమ్మాలెనా?"

"నా పిల్లల మీద ఒట్టు మేడం."

ఫూల్‌సింగ్ భార్య వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం కన్నా అనుమానం ఎక్కువగా ఉంది. "నిజం చెప్పు. పారేసినవా?" అన్నాడు. కట్టుకున్నవాడే అలా అడిగేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నమ్మకం లేకుంటే పేరు తీసెయ్యాల్సొస్తది," అని క్రాంతి మేడం ఫైలు మూసింది.

ఫూల్‌సింగ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "సార్, జర నువ్వు చెప్పు సార్. నెల నెలా కాయితం రాసిచ్చేది నువ్వే గదా. నీ మాటయితే ఇంటరు."

నిజం చెప్తే గ్రేస్ గోలీలు కూడా ఆగిపోతాయి. అదొక్కటే నా బుర్రలో తిరిగింది.

"వాళ్లింట్లో ఏం జరుగుతుందో నాకెట్లా తెలుస్తుంది?" అన్నాను.

గ్రేస్ నా వైపు చూసింది. పొట్టు లేచిన తన అరచేతులు చూసుకుంది. పుష్పాబాయి చేతిని తన ఒళ్లోకి తీసుకుని పక్కపక్కన పెట్టి చూసింది.

"ఏం చేసిన్రు మీరు?" అని అడిగింది.

నేను నేల చూశాను.

"మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

చెప్పాను. లోపలి గది, పేపరు, రెండు నెలలు, అన్నీ. క్రాంతి మేడం కలం కింద పెట్టి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు.

"మాస్టారూ, ఆ కొత్త గోలీ మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలియకనే కదా ఇంతమందికి ఇచ్చి చూస్తున్నది? ఆమె దగ్గర మీరు తీసుకున్నది మంచో చెడో నాకే తెలియదు. మీ భార్యకు పెట్టింది ఏమిటో కూడా తెలియదు," అన్నాడు. ఎవరు ఏది ఎన్నాళ్లు మింగారో ఇక చెప్పలేం కాబట్టి ఇద్దరికీ గోలీలు ఆపేయాలన్నాడు. పరీక్షలు మాత్రం చేస్తుంటామన్నాడు.

"నాకెందుకు ఆపుతరు సార్? నేనేం తప్పు చేసిన?" అంది పుష్పాబాయి. గ్రేస్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయింది. పుష్పాబాయి జరిగి కూర్చుంది. గ్రేస్ చెయ్యి వెనక్కి తీసుకుని ఏడ్చింది. ఆపరేషన్‌కు తీసుకుపోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

బయట వరండాలో ఫూల్‌సింగ్ తన సంచిలోని కాగితాలన్నీ బెంచీ మీద పరిచాడు. స్కానింగ్ రిపోర్టులు, రక్తపరీక్షలు, ఆపరేషన్ కాగితం. అతనికి చదువు రాదు. ఒక్కొక్కటే ఎత్తి ఫొటో ఉందేమో, ముద్ర ఉందేమో వెతుకుతున్నాడు.

"సార్," అన్నాడు తలెత్తకుండా. "ఇంకేమన్న మార్చినవా?"

"లేదు ఫూల్‌సింగ్. నమ్ము."

అతను కాగితాలన్నీ ఏరుకుని, నా పక్కనుంచే లోపలికి పోయి, క్రాంతి మేడం ముందు పెట్టాడు.

"మేడం, ఇవన్నీ మావేనా, జర చూసి చెప్పుండ్రి," అన్నాడు.