పందిరి కూలిన రోజు

కంటి ఆపరేషన్ కోసం కొడుకు దుర్గాసాయితో రాజమండ్రి బయల్దేరుతూ, రత్నమాణిక్యం గుమ్మంలో ఆగి కోడలికి మరోసారి చెప్పింది.

“పెరట్లో నీళ్లు మాత్రం పొయ్యి. ఇంకేం ముట్టుకోకు. ఆనపపాదు ఇప్పుడిప్పుడే పిందె పడుతోంది.”

“అలాగేనండి అత్తయ్యగారూ,” అంది నాగదుర్గ.

నాగదుర్గ వ్యవసాయంలో డిప్లొమా చేసింది. పెళ్లయి పాలకొల్లు దగ్గర ఈ ఊరికి వచ్చి ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లోనూ పెరట్లో ఆమె చేతికి దక్కింది నీళ్ల గొట్టం ఒక్కటే. ఏ మొక్క ఎక్కడ ఉండాలో, ఏ కాయ ఎప్పుడు కొయ్యాలో అత్తగారే చెప్పాలి.

మర్నాడు పొద్దున్నే ఐజాక్ కొబ్బరి దింపుకి వచ్చాడు. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంటి చెట్లు ఎక్కుతున్నవాడు. కింద పందిరి ఉందని గెలకి తాడు కట్టి మెల్లగా దింపుతున్నాడు. సగం దూరం వచ్చాక ముడి జారింది.

గెల వెళ్లి పందిరి నడిమధ్యన పడింది. పాత వెదురు గుంజలు ఫటఫటా విరిగాయి. పందిరి మొత్తం ఆనపపాదుతో సహా పక్కనున్న వంగ, టమాటా, బెండ మొక్కల మీద కూలిపోయింది.

ఐజాక్ గబగబా చెట్టు దిగాడు. “కింద ఎవరూ లేరు కదమ్మా?”

“ఎవరూ లేరండి. మీకేం కాలేదు కదా?”

“నాకేం కాలేదు. పెద్దమ్మగారికి ఏం చెప్పనమ్మా నేను?”

చప్పుడు విని పక్కింటి అచ్చాయమ్మ పరుగెత్తుకొచ్చింది. వస్తూనే పందిరి ఓ కొస పట్టుకుని, “ఆ పక్క పట్టు ఐజాకూ, ఎత్తేద్దాం,” అంది.

“లాగకండి పిన్నిగారూ!”

అంత గట్టిగా తాను అరవగలనని నాగదుర్గకే తెలియదు. అచ్చాయమ్మ ఠక్కున చెయ్యి తీసేసింది.

“తీగ వెదుళ్లకి చుట్టుకుని ఉందండి. ఒక్కసారిగా ఎత్తితే బాగున్నది కూడా తెగిపోతుంది. ముందు కట్లు కోసి, వెదుళ్లు ఒక్కొక్కటే బయటికి తీద్దాం.”

గంటన్నర పట్టింది. అంతా తీశాక చూస్తే, ఆనప మొదలు నేలకి జానెడు ఎత్తున చీలిపోయి, ఒక పక్క తొక్క మీద వేలాడుతోంది. నాగదుర్గ చీలిన భాగాన్ని దగ్గరికి చేర్చి, రెండు వెదురు బద్దలు ఆనించి, తడిపిన అరటినారతో చుట్టింది.

“ఇది అతుక్కుంటుందంటావా?” అడిగింది అచ్చాయమ్మ.

“అతుక్కోకపోవచ్చండి. అందుకే ఇంకో పని కూడా చేద్దాం.”

తీగని నేల మీద పరిచి, నాలుగు చోట్ల కణుపుల్ని మట్టిలోకి అదిమి, పైన మాగిన పెంట వేసి తడిపింది. ఆనప కణుపు తడిమట్టి తగిలితే వేరు పోస్తుందని ఆమెకి తెలుసు. తర్వాత సగం ఆకులూ, పిందెలన్నీ కత్తిరించేసింది.

“అయ్యో, పిందెలు కూడానా!”

“విరిగిన కాండం ఇన్నిటికీ నీళ్లందించలేదు పిన్నిగారూ. ముందు పాదు బతకాలి.”

ఒరిగిన టమాటాలకి మొదట్లో మట్టి ఎగదోసి, పుల్లలు కట్టింది. చీలిన వంగల్ని జానెడు ఎత్తుకి కోసేసింది. బెండ మొక్కలు మధ్యకి విరిగిపోయాయి. వాటి మీద ఆశ పెట్టుకోకుండా పీకేసింది. ఐజాక్ కొబ్బరి మట్టలు తెచ్చి అన్నిటికీ నీడ కట్టాడు.

సాయంత్రం రాజమండ్రి నుంచి అత్తగారి కారు వచ్చి ఆగగానే నాగదుర్గ వీధిలోకి ఎదురెళ్లి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. రత్నమాణిక్యం నల్లకళ్లద్దాలతో నేరుగా పెరట్లోకి నడిచింది. మోళ్లలా నిలబడ్డ వంగల్ని చూసి ఆగిపోయింది.

“వీటిని నరికిందెవరు?”

“నేనేనండి.”

“ముట్టుకోవద్దన్నానా, లేదా?”

“అన్నారండి. ముట్టుకోకపోతే అన్నీ పోయేవి. వంగ మూడు వారాల్లో చిగురేసి గుబురుగా వస్తుంది. బెండ మాత్రం పోయింది. ఆనప సంగతి పది రోజులాగి చెబుతాను.”

రత్నమాణిక్యం కట్టు కట్టిన ఆనప వైపు ఓసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది.

డాక్టరు వంగొద్దన్నాడు కాబట్టి, ఆవిడ రోజూ పెరటి అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చునేది. మధ్యాహ్నం ఆకులు వేలాడితే, “ఎండిపోతోందే,” అనేది. “సాయంత్రం చూడండి అత్తయ్యగారూ,” అనేది నాగదుర్గ. చల్లబడ్డాక ఆకులు మళ్లీ విచ్చుకునేవి. ఐజాక్ కొత్త వెదుళ్లు తెచ్చి పందిరి వేసి వెళ్లాడు.

తొమ్మిదో రోజు పొద్దున కట్టు కట్టిన కాండం గోధుమరంగుకి తిరిగి ఎండిపోయింది. అత్తగారి కంటే ముందు నాగదుర్గే చూసింది. వెంటనే కూర్చుని, పూడ్చిన మొదటి కణుపు దగ్గర తీగని మెల్లగా లాగింది. రాలేదు. వేలితో మట్టి తప్పించింది. కణుపు కింద తెల్లటి వేళ్లు, వేలెడు పొడవున.

“అత్తయ్యగారూ, ఒకసారి ఇలా రండి!”

రత్నమాణిక్యం వచ్చి, వంగకుండానే కళ్లద్దాలు కాస్త పైకెత్తి చూసింది. నాగదుర్గ ఆవిడ ముందే కత్తి తీసి, ఎండిన మొదలుని కోసేసింది. ఇక పాదుకి దానితో పని లేదు. కొస చిగురు అప్పటికే జానెడు సాగింది.

“మొదలు పోయినా బతుకుతుందన్నమాట,” అంది రత్నమాణిక్యం.

“బతికిందండి.”

మూడు వారాలకి వంగలు గుబురెత్తాయి. టమాటాల్లో రెండు పోయాయి, మిగతావి నిలదొక్కుకున్నాయి. పాదు కొత్త పందిరి ఎక్కి మళ్లీ పూతకొచ్చింది. ఓ ఉదయం రత్నమాణిక్యం గుప్పెడు కాకర గింజలు పట్టుకొచ్చి, కోడలి ముందు చెయ్యి చాపింది.

“వీటిని ఎక్కడ పెడదామంటావు?”

“తూర్పు గోడ పక్కన పెడదామండి. పొద్దుటి ఎండ బాగా తగులుతుంది.”

“నేనైతే బావి దగ్గర పెట్టేదాన్ని,” అంది రత్నమాణిక్యం. కాసేపు గోడ వైపు చూసి, గింజలు ఆమె చేతిలో పోసింది. “సరే, అక్కడే పెట్టు.”